రంగు చేపల హోల్‌సేల్ గోడౌన్లలోకి జనాన్ని ఎందుకు రానివ్వరు?

అమెరికాలో లాస్ ఏంజిలిస్ ఎయిర్‌పోర్టుకు దగ్గర్లో 104వ వీధి అని ఒకటుంది. సముద్రపు రంగు చేపల వ్యాపారంలో ఉన్నవాళ్లకు ఆ పేరు చెబితే చాలు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా లాంటి దేశాల నుంచి విమానంలో వచ్చే చేపలూ పగడాలూ చాలావరకు ఆ చుట్టుపక్కల గోడౌన్లలోనే దిగుతాయి. దేశమంతటా ఉన్న అక్వేరియం షాపులకు అక్కడి నుంచే వెళ్తాయి. 2004–05లో ఏడాది కాలంలో అమెరికా దిగుమతి చేసుకున్న సముద్రపు అక్వేరియం చేపలు దాదాపు కోటీ పది లక్షలు. జాతులు 1,800 పైమాటే. వాటిలో 85 శాతానికి పైగా ఆ రెండు దేశాల నుంచి వచ్చినవే.

ఇంట్లో పెద్ద ట్యాంక్ పెట్టుకున్న ఎవరికైనా, కాలిఫోర్నియాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లకైనా, ఆ గోడౌన్లలోకి ఒక్కసారి వెళ్లి చూడాలని ఉండటం సహజం. కానీ తలుపు దగ్గర మొదటి ప్రశ్నే సెల్లర్స్ పర్మిట్ (సరుకు అమ్మే వ్యాపారులకు రాష్ట్రం ఇచ్చే అనుమతి) ఉందా అని. లేదంటే లోపలికి పంపరు. డబ్బు చేతిలో పట్టుకుని నిలబడ్డా అమ్మరు. వెనక్కి తిరిగినవాళ్లకు తోచే కారణాలు సాధారణంగా రెండే. ఒకటి, అసలు ధర బయటపడుతుందని వాళ్ల భయం. రెండు, లోపల చచ్చిన చేపలు కనపడతాయని భయం. రెండిట్లోనూ కొంత నిజముంది. అయితే గేటు మూసి ఉండటానికి అసలు కారణం చేప వచ్చిన దారిలో ఉంది. చేప ఎంత దూరం నుంచి, ఎంతసేపు కవర్‌లో ఉండి వచ్చిందో దాన్ని బట్టే గేటు ఎంత గట్టిగా మూస్తారన్నది ఉంటుంది.

మనీలాలో ఎగుమతిదారు చేపను కవర్‌లో పెట్టే ముందు ఒకటి రెండు రోజులు మేత ఆపేస్తాడు. కడుపు ఖాళీగా ఉంటే దారిలో నీళ్లు తక్కువ పాడవుతాయి. కవర్‌లో కొంచెం నీళ్లు పోసి, మిగతాదంతా ఆక్సిజన్ నింపి, రబ్బరు బ్యాండు బిగించి, థర్మకోల్ పెట్టెలో పేరుస్తారు. విమానానికి బరువు లెక్క కాబట్టి చేప తిరగడానికి కావలసినన్ని నీళ్లు కూడా పోయరు. అక్కడి ప్యాకింగ్, ఎయిర్‌పోర్టు, విమానం, అమెరికాలో కస్టమ్స్, వన్యప్రాణి విభాగం తనిఖీ అన్నీ కలిపి చూస్తే ఆ చేప ఒక రోజు దాటి, ఒక్కోసారి ఒకటిన్నర రోజు దాకా చీకట్లో ఆ గుక్కెడు నీళ్లలోనే ఉంటుంది. గోడౌన్లు ఎయిర్‌పోర్టు పక్కనే ఉండటం ఇందుకే. ఇక్కడ గంట ఆలస్యమైనా లెక్కలోకి వస్తుంది.

ఆ కవర్‌లో ఏం జరుగుతుందో కాస్త వివరంగా చూడాలి. చేప ఊపిరి తీస్తూ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పోయే దారి లేక అది నీళ్లలోనే కరిగి పీహెచ్‌ని (నీళ్ల ఆమ్ల గుణం చెప్పే అంకె, ఇది తగ్గితే ఆమ్లం ఎక్కువని) కిందికి దించుతుంది. ఇంకోపక్క మొప్పల నుంచి అమ్మోనియా వస్తూనే ఉంటుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపూ ఆ అమ్మోనియాలో ఎక్కువ భాగం అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. అంటే ఆ మురికి నీళ్లే చేపను ఒక రకంగా కాపాడుతున్నాయి. కవర్ విప్పగానే లెక్క తారుమారవుతుంది. కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా ఊరికే ఉన్న అమ్మోనియం విషపు అమ్మోనియాగా మారడం మొదలవుతుంది. 25 డిగ్రీల మంచినీళ్లలో పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విష రూపం అర శాతం పైచిలుకు మాత్రమే. పీహెచ్ 8కి వచ్చేసరికి అది ఐదు శాతం దాటుతుంది. దాదాపు పది రెట్లు. ఉప్పునీళ్లలో అంకెలు కొంచెం మారినా కథ ఇదే.

అందుకే పెట్టెలు దిగిన మొదటి గంట హోల్‌సేల్ గోడౌన్‌లో అత్యవసర వార్డు లాంటిది. లైట్లు తగ్గిస్తారు, ఎందుకంటే రోజంతా చీకట్లో ఉన్న చేప ఒక్కసారి వెలుగు పడితే బెదిరిపోతుంది. కవర్లు వరసగా కోసి, చేపలను తొట్టెల్లోకి మార్చి, కవర్‌లోని నీళ్ల పీహెచ్‌కీ ఉష్ణోగ్రతకీ దగ్గరగా ఉన్న నీళ్లను అందిస్తారు. కొన్ని చోట్ల తొట్టె నీళ్లలోకి కావాలనే కార్బన్ డయాక్సైడ్ వదిలి పీహెచ్ తగ్గిస్తారు, చేపకు ఒక్కసారిగా మార్పు తగలకుండా. వందల కవర్లు, నలుగురైదుగురు మనుషులు, గడియారం మీద కన్ను. ఆ సమయంలో పక్కన నిలబడి "అన్నా, ఈ బటర్‌ఫ్లై ఎంత?" అని అడిగే మనిషికి జవాబు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. ఉండకూడదు కూడా. పైగా పెట్టెలు విమానాల టైమింగ్‌ని బట్టి వస్తాయి. అర్ధరాత్రి రావచ్చు, తెల్లవారుజామున రావచ్చు. షాపులా పది నుంచి ఎనిమిది దాకా అని బోర్డు పెట్టే పని కాదిది.

సరే, ఆ గంట గడిచాక రానివ్వొచ్చు కదా అనిపిస్తుంది. ఇక్కడ ఇంకో చిక్కుంది. హోల్‌సేల్ ట్యాంకులు ఇంట్లో ట్యాంకుల్లా ఉండవు. అడుగున ఇసుక ఉండదు, రాళ్లు ఉండవు. కొట్లాడే చేపలను ఒక్కోదాన్ని ఒక్కో చిన్న గదిలో పెడతారు. వందల గదులకు కలిపి ఒకే ఫిల్టర్, ఒకే నీటి చుట్టు, అంటే అన్ని గదుల్లోనూ తిరిగేది అవే నీళ్లు. పరాన్నజీవులను అదుపులో పెట్టడానికి చాలామంది చేపల నీళ్లలో రాగి మందు కొద్ది మోతాదులో ఎప్పుడూ ఉంచుతారు, ఉప్పు శాతం సముద్రం కంటే తగ్గిస్తారు. పగడాలను, రొయ్యల్లాంటి వెన్నెముక లేని జీవులను వేరే నీళ్లలో పెడతారు, ఎందుకంటే రాగి వాటిని చంపేస్తుంది.

ఇప్పుడు ఒక మనిషి నేరుగా అక్కడ చేప కొని ఇంటికి తీసుకెళ్లాడనుకుందాం. గోడౌన్ నీళ్ల సాంద్రత (ఉప్పు ఎక్కువైతే ఈ అంకె పెరుగుతుంది) 1.018 దగ్గర ఉండొచ్చు, ఇంట్లో పగడాల ట్యాంక్ 1.025 దగ్గర ఉంటుంది. ఉప్పు తక్కువ నీళ్లలోకి వెళ్లడం చేప తట్టుకుంటుంది, ఎక్కువ నీళ్లలోకి హఠాత్తుగా వెళ్తే మాత్రం ఒంట్లో నీరు లాగేసినట్టై కుంగిపోతుంది. కవర్‌లోని రాగి నీళ్లు ట్యాంకులో పడితే పగడాలకు ముప్పు. మూడు రోజుల క్రితం దాకా మేత ముట్టని చేప కొత్త చోట మళ్లీ మేత మానేస్తుంది. చివరికి చేప చస్తుంది, తప్పు ఎవరిదన్న వాదన మొదలవుతుంది. మంచి రిటైల్ షాపు వాడు చేసే పని సరిగ్గా ఈ మధ్యలోదే. ఉప్పు మెల్లగా పెంచడం, మేత అలవాటు చేయడం, వారం పది రోజులు చూసి, బతికే చేపనే అమ్మడం. హోల్‌సేల్ గోడౌన్‌లో ఉన్నది ఇంకా ప్రయాణంలో ఉన్న చేప. ట్యాంకులో ఈదుతోంది కాబట్టి సరుకు సిద్ధమైందని అనుకోవడమే పొరపాటు.

రోగాల సంగతి ఇంకా పెద్దది. చేపల ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు పెట్టే 'ఇక్' అనే పరాన్నజీవి గురించి ట్యాంక్ పెట్టుకున్న ప్రతివాళ్లకూ తెలిసే ఉంటుంది. (మన రొయ్యల రైతులను ముంచిన వైట్ స్పాట్ వేరు, అది వైరస్.) ఇక్ చేపను వదిలి అడుగున తిత్తి కట్టుకుంటుంది, ఒక్కో తిత్తి పగిలితే వందల పిల్లలు నీళ్లలోకి వస్తాయి. 25 డిగ్రీల దగ్గర ఈ చక్రం వారం లోపే తిరిగొస్తుంది. చేప ఒంటిలో ఉన్నప్పుడు గానీ తిత్తిలో ఉన్నప్పుడు గానీ మందు పనిచేయదు, నీళ్లలో ఈదే దశలోనే చంపగలం. సముద్రపు చేపలకూ ఇలాంటిదే ఇంకో జాతి ఉంది. ఒకే నీటి చుట్టులో వందల గదులున్న చోట ఇది ఒక మూల మొదలైతే రెండో మూలకు వెళ్లడానికి పంపే చాలు. యూవీ దీపాలు, ఓజోన్ పెడతారు. అవి ముప్పును తగ్గిస్తాయి గానీ మాయం చేయలేవు.

ట్యాంకులున్న ఇంటి నుంచి వచ్చిన మనిషి చేతుల మీద, చొక్కా చేతుల అంచుల మీద, తెచ్చుకున్న కవర్‌లో ఏముందో ఎవరికీ తెలియదు. పొద్దున్న ఇంకో షాపుకు వెళ్లి అక్కడి ట్యాంకులో చెయ్యి పెట్టి వచ్చి ఉండొచ్చు. చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు, చేపల మీద ప్రేమతోనే నీళ్లలో వేలు పెడతాడు. ఆంధ్ర తీరంలో రొయ్యల హేచరీ (రొయ్య పిల్లలను పుట్టించే కేంద్రం) చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. 1994–95 ప్రాంతంలో వైట్ స్పాట్ తూర్పు తీరంలో టైగర్ రొయ్యను తుడిచిపెట్టాక, 2009లో వనామీ అనే విదేశీ రొయ్యకు అనుమతి వచ్చాక, వ్యాధుల్లేని తల్లి రొయ్యలను విదేశాల నుంచి తెప్పించుకునే హేచరీలు గేటు దగ్గరే పర్మాంగనేట్ నీళ్లలో కాళ్లు ముంచిస్తాయి, వాహనాల టైర్లు కడిగిస్తాయి, ఒక సెక్షన్ వలను ఇంకో సెక్షన్‌లో వాడనివ్వవు. చెరువుల చుట్టూ పీతలు రాకుండా కంచె, పైన పక్షులు వాలకుండా దారాలు. చుట్టాన్ని హేచరీలోకి తీసుకెళ్లి చూపిస్తానంటే యజమాని ఒప్పుకోడు. దాన్ని ఎవరూ అహంకారమనరు, ఆ జాగ్రత్త విలువ గోదావరి జిల్లాల్లో, నెల్లూరులో అందరికీ డబ్బు పోగొట్టుకుని తెలిసింది.

షాపుల యజమానులు కూడా మనుషులే కదా, వాళ్ల చేతులకు రోగాలు అంటవా? అంటుతాయి. లాస్ ఏంజిలిస్‌లో కొందరు షాపు వాళ్లు స్వయంగా వచ్చి చేపలను ఎంచుకుంటారు కూడా. తేడా అంతా సంఖ్యలోనూ పద్ధతిలోనూ ఉంది. వచ్చేది తెలిసిన మనుషులు, వారానికోసారి, ఏ ట్యాంకులో చెయ్యి పెట్టకూడదో తెలిసినవాళ్లు. వేలుతో చూపిస్తే సిబ్బందే చేపను పడతారు. చాలా ఆర్డర్లు అసలు మనిషి రాకుండానే స్టాక్ లిస్టు చూసి వెళ్తాయి. శనివారం వచ్చిందంటే పిల్లాపాపలతో వందల మంది వచ్చే చోట ఇది కుదరదు. అద్దం మీద వేలితో కొట్టొద్దని ఎన్నిసార్లని చెబుతారు?

ఇక డబ్బు. ఇందులో దాచేదేమీ లేదు, కానీ జనం అనుకునేదానికీ అసలు సంగతికీ కొంచెం దూరం ఉంది. హోల్‌సేలర్ దగ్గర వెయ్యి రూపాయల చేప షాపులో రెండున్నర వేలకు అమ్ముతున్నారనుకుందాం. పదిహేను వందలు మింగేశారని కొన్నవాడికి అనిపిస్తుంది. ఆ పదిహేను వందల్లోంచే అద్దె, కరెంటు, ఉప్పు, మేత, జీతాలు, చచ్చిపోయిన చేపల ఖర్చు పోవాలి. ఇదే చేపను హోల్‌సేలర్ గేటు తెరిచి వెయ్యికే ఎవరికైనా ఇస్తే, ఆ చుట్టుపక్కల షాపులు ఇక అతని దగ్గర కొనవు. వారానికి ఇరవై పెట్టెలు కొనే షాపును పోగొట్టుకుని, నెలకో చేప కొనే మనిషిని సంపాదించుకున్నట్టవుతుంది. హోల్‌సేల్ వ్యాపారంలో లెక్క చేపల్లో ఉండదు, పెట్టెల్లో ఉంటుంది. రవాణా ఖర్చు పెట్టెకు, కనీస ఆర్డర్ పెట్టెకు. ఒక్క చేపను పట్టి, కవర్ కట్టి, బిల్లు రాసి, పది ప్రశ్నలకు జవాబిచ్చేసరికి లాభం కరిగిపోతుంది.

కాలిఫోర్నియాలో పన్ను చట్టం కూడా ఈ గీతను గట్టిగా గీస్తుంది. మళ్లీ అమ్మడానికి కొనేవాళ్లు సెల్లర్స్ పర్మిట్ చూపి రీసేల్ సర్టిఫికెట్ ఇస్తారు, అప్పుడు హోల్‌సేలర్ అమ్మకపు పన్ను వసూలు చేయక్కర్లేదు. ఆఖరి వినియోగదారుడికి అమ్మితే వసూలు చేసి కట్టాలి. గేటు దగ్గర పర్మిట్ అడిగేది ఇందుకే. కొందరు స్నేహితుడి షాపు పర్మిట్ పట్టుకుని లోపలికి వెళ్తుంటారు. అది తెలివైన పని అనిపించవచ్చు గానీ, ఇంట్లో ఉంచుకోవడానికి కొంటూ రీసేల్ సర్టిఫికెట్ వాడటం చట్టం ప్రకారం తప్పు. చిక్కొస్తే వాడినవాళ్లతో పాటు స్నేహితుడి షాపుకూ రావచ్చు.

నష్టపరిహారం విషయంలోనూ ఇదే తేడా. షాపుకు వెళ్లిన పెట్టెలో చేప చచ్చి ఉంటే, కొద్ది గంటల్లో కవర్‌తో సహా ఫొటో పంపితే హోల్‌సేలర్ బిల్లులో తగ్గిస్తాడు. దీన్ని వ్యాపారంలో డీఓఏ (డెడ్ ఆన్ అరైవల్, అంటే వచ్చేసరికే చచ్చిపోయింది) అంటారు. అక్కడితో ఆ లెక్క ముగుస్తుంది. ఇంట్లో పెంచుకునేవాళ్లు చేసే ఫిర్యాదు వేరేలా ఉంటుంది. పన్నెండో రోజున చచ్చిపోయింది, ట్యాంక్ నీళ్లు బాగానే ఉన్నాయి, మరి ఎందుకు? ఇది న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబివ్వడానికి ట్యాంక్ సైజు, తోటి చేపలు, నీళ్ల పరీక్ష అన్నీ అడగాలి. ఆ ఓపిక, ఆ పరిచయం షాపు దగ్గర ఉండాలి. గోడౌన్‌లో ఉండటం కష్టం.

మన దగ్గర ఈ గేటు ఇంత గట్టిగా ఎందుకు ఉండదు? చెన్నైలోని కొళత్తూర్ రంగు చేపలకు దేశంలోనే పేరున్న చోటు. తెలుగువాళ్లు కూడా అక్కడికి వెళ్లి చేపలు తెచ్చుకోవడం మామూలే. హోల్‌సేల్, రిటైల్ అని గోడ కట్టినట్టు అక్కడ ఉండదు. షాపు వాడు కవర్ల లెక్కన కొంటుంటే, పక్కన కుటుంబం జత గప్పీలు కొంటుంటుంది. కోల్‌కతాలో గాలిఫ్ స్ట్రీట్ ఆదివారం సంత అయితే రోడ్డు మీదే. దీనికి క్రమశిక్షణ లేకపోవడం కారణమని తీసిపారేయనక్కర్లేదు. ఇక్కడ అమ్మేవి ఎక్కువగా గప్పీ, మోలీ, గోల్డ్ ఫిష్, ఫైటర్, ఏంజెల్. తొట్టెల్లో పుట్టి పెరిగినవి, మేతకు అలవాటు పడినవి, కొద్ది గంటల దూరం నుంచి వచ్చినవి. కవర్‌లో ఒకటిన్నర రోజు చీకటి లేదు, రాగి నీళ్లు లేవు, సముద్రం నుంచి ట్యాంకుకు మారే గండం లేదు. గేటు మూయాల్సిన కారణాలు చాలావరకు అక్కడ లేవు కాబట్టే గేటు తెరిచి ఉంది. విదేశాల నుంచి సముద్రపు చేపలు తెప్పించే దిగుమతిదారుడి దగ్గరకు వెళ్తే మన దేశంలోనూ లోపలికి అంత తేలిగ్గా రానివ్వరు.

తెరిచిన గేటుకు ఒక ఖరీదు ఉంది, అదీ చెప్పుకోవాలి. 'ట్యాంక్ క్లీనర్' అని చెప్పి రెండంగుళాల సక్కర్ ఫిష్‌ను ఎవరు అడిగితే వాళ్లకు అమ్మేస్తారు. అది అడుగు దాటి పెరుగుతుందని కొన్నవాళ్లకు చెప్పేవాళ్లు అరుదు. పెరిగాక దగ్గర్లోని చెరువులో వదిలేస్తారు. ఇప్పుడది మన చెరువుల్లో, కాలువల్లో వలలు చింపుతూ మత్స్యకారులకు పెద్ద తలనొప్పి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో దొరికే డీఎన్ఏ ఆనవాళ్లతో తూర్పు కనుమల నీటి వనరుల్లో దీని వ్యాప్తిని గుర్తించారు కూడా. కొనేవాడిని "మీ ట్యాంక్ ఎంత?" అని ఒక్క మాట అడిగే మనిషి మధ్యలో ఉంటే ఇందులో కొంతైనా ఆగేది. ఆ మనిషి షాపు యజమాని కావాలి. అతను అడగకపోతే హోల్‌సేల్ గేటు ఎంత గట్టిగా మూసినా ఉపయోగం లేదు.

ఇంత చెప్పాక, మూసిన గేటు వెనక దాగే వాటి గురించి కూడా నిజాయితీగా మాట్లాడాలి. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి పగడపు దిబ్బల మీద సయనైడ్ చల్లి చేపలను మత్తెక్కించి పట్టే పద్ధతి ఉంది. అక్కడ అది చట్టవిరుద్ధం, అయినా ఆగలేదు. అలా పట్టిన చేప పైకి బాగానే కనిపించవచ్చు, రోజులు వారాల తర్వాత చస్తుంది. చేప ఎలా పట్టారో, దారిలో ఎన్ని చచ్చాయో గోడౌన్‌లో ఉన్నవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఏ ఎగుమతిదారు పెట్టెలు విప్పితే ఎన్ని కవర్లలో చేపలు చచ్చి నీళ్లు తెల్లబడి ఉంటాయో వాళ్లకు కంఠతా వచ్చు. ఆ సమాచారం మాత్రం గేటు దాటి బయటికి రాదు. జనాన్ని రానివ్వకపోవడానికి చెప్పే రోగాల కారణం నిజమే, కానీ కాగితం మీది అంకెలకు ఏ రోగమూ అంటదు.

ఇది చేయలేని పని కాదు. ఆసియా ఆరోవానా అంతరించే ముప్పున్న జాతి కాబట్టి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఫారాల్లో పుట్టిన ఒక్కో చేపకూ చర్మం కింద మైక్రోచిప్, చేతిలో సర్టిఫికెట్ ఉంటేనే చట్టబద్ధంగా దేశాలు దాటుతుంది. చిన్న డామ్సెల్ చేపకు చిప్ పెట్టమని ఎవరూ అడగరు. పెట్టె మీద మూడు సంగతులుంటే చాలు: ఏ దేశం నుంచి వచ్చింది, సముద్రంలో పట్టిందా తొట్టెలో పుట్టిందా, గోడౌన్‌లో ఎప్పుడు దిగింది. హోల్‌సేలర్ బిల్లుల్లో ఇవి చాలావరకు ఉంటూనే ఉంటాయి. వాటిని షాపు ట్యాంక్ మీద అంటించేదాకా తేవడమే మిగిలింది. మంచి హోల్‌సేలర్లకు దీనివల్ల నష్టం లేదు, లాభమే.

ఇంట్లో పెంచుకునేవాళ్లకు ఈలోగా ఉన్న దారి షాపు ద్వారానే. చాలా షాపులు వారం వారం హోల్‌సేలర్ స్టాక్ లిస్టు తెప్పించుకుంటాయి, తెలిసిన కస్టమర్ అడిగితే చూపిస్తాయి. కావలసిన చేప పేరు చెప్పి అడ్వాన్స్ ఇస్తే తదుపరి ఆర్డర్‌లో తెప్పిస్తారు. నలుగురు కలిసి అడిగితే పెట్టె లెక్కన ధర కూడా కొంత దిగుతుంది. చేప దిగాక వారం రోజులు షాపు ట్యాంకులోనే ఉంచమనీ, అది మేత తినడం ఎదురుగా చూశాకే తీసుకెళ్తామనీ ముందే మాట్లాడుకోవాలి. షాపు నీళ్లలో ఉప్పు ఎంత ఉంది, రాగి మందు వాడుతున్నారా అన్నది అడిగి రాసుకోవాలి. ఆ వారంలో చేప చస్తే నష్టం ఎవరిదన్నది అడ్వాన్స్ ఇచ్చే రోజే తేల్చుకోవాలి.